ముందు రైట్ చేసిన సీడీలు, ఆ తర్వాతే కంపెనీ సీడీలు

"అన్నీ నెట్లో దొరుకుతున్నాయి కదండీ, ఇంకా ఈ సీడీలు దేనికి?" దసరా ముందు ఇల్లు దులిపే రోజుల్లో ఒడిశాలోని బరంపురంలో ఏ తెలుగింటికి వెళ్ళినా ఈ మాట వినబడుతుంది. అటక మీంచి దించిన అట్టపెట్టెలో వంద, నూట యాభై సీడీలుంటాయి. ఆటలు, కంప్యూటర్ పత్రికలతో వచ్చినవి, పెళ్ళివి, యాత్రవి, డీటీపీ షాపు బ్యాకప్‌లు, అన్నీ కలిసిపోయి. పాత సామాను కొనేవాడు కిలో లెక్కన అడుగుతాడు.

ఆ మాటలో సగం నిజం ఉంది. అందుకే దానికి జవాబు చెప్పడం కష్టం. 1996లో వచ్చిన క్వేక్ ఆట డిస్కు తీసుకోండి. ఆటల డిస్కుల వివరాలు దాచే రీడంప్ అనే డేటాబేసులో దాని ఒక్కొక్క ట్రాకుకీ హాష్ విలువలు (ఫైలుకు వేలిముద్ర లాంటి అంకెలు) నమోదై ఉన్నాయి. మీ ఇంట్లో ఉన్న కాపీ రేపు ముక్కలైపోయినా ఆ ఆటకు వచ్చిన లోటేమీ లేదు. అదే పెట్టెలో దాని కిందే ఒక స్టూడియోవాళ్ళు రైట్ చేసి ఇచ్చిన ఠాకురాణి యాత్ర (అమ్మవారి జాతర) వీడియో సీడీ, అంటే వీసీడీ, ఉంటుంది. మీద మార్కర్‌తో తెలుగు మాటలు, రాసింది మాత్రం ఒడియా లిపిలో, ఎందుకంటే రాసినవాళ్ళు ఒడియా బడిలో చదువుకున్నవాళ్ళు. ఆ డిస్కుకు ప్రపంచంలో రెండో కాపీ ఉందో లేదో చెప్పగలిగినవాళ్ళెవరూ లేరు.

నా మాట ఇదీ: పాత ఆటలను దాచేవాళ్ళు ఇరవై ఏళ్ళుగా నేర్చుకున్న పద్ధతి చాలా గొప్పది. ఆ పద్ధతిని ముందు వాడాల్సింది ఆటల మీద కాదు, మనం ఇంట్లోనో వీధి చివరి షాపులోనో రైట్ చేయించుకున్న డిస్కుల మీద. ఆటల మీద ప్రేమ ఉన్నవాళ్ళకు ఈ మాట నచ్చదని తెలుసు.

చూడాల్సింది బొమ్మ ఉన్న వైపు

సీడీ చేతికి రాగానే అందరూ మెరిసే వైపు తిప్పి గీతలు చూస్తారు. 1.2 మిల్లీమీటర్ల మందంలో దాదాపు అంతా పాలీకార్బొనేట్ ప్లాస్టిక్కే. వెలుగును తిప్పికొట్టే లోహపు పొర మాత్రం పైన, లేబుల్ కిందే, వార్నిష్ లాంటి ఒక పల్చటి పూత వెనక ఉంటుంది. కింది వైపు గీతను పాలిష్ చేసి తీయొచ్చు. పై వైపు బాల్‌పెన్ను గట్టిగా నొక్కి రాసినా డేటా ఉన్న చోటే దెబ్బ తగులుతుంది, దానికి మందు లేదు. డీవీడీ ఇలా కాదు. 0.6 మిల్లీమీటర్ల బిళ్ళలు రెండు అతికించి ఉంటాయి కాబట్టి అక్కడ లోహపు పొర మధ్యలో పడుతుంది.

కంపెనీ సీడీలో గుంటలు ప్లాస్టిక్‌లోనే అచ్చు పడి, పైన అల్యూమినియం పూత ఉంటుంది. పూత తుప్పు పట్టనంత కాలం సమాచారం ఎక్కడికీ పోదు. రైట్ చేసిన సీడీలో గుంటలుండవు. ఒక సేంద్రియ రంగు పొర ఉంటుంది, రైటర్ లేజర్ దాన్ని అక్కడక్కడా మార్చి గుర్తులు పెడుతుంది. ఎండకూ వేడికీ గుడ్డ రంగు వెలిసినట్టే అదీ వెలుస్తుంది. లేత ఆకుపచ్చ నీలం డిస్కు సయనీన్ రంగుది, దాదాపు రంగే లేనట్టు బంగారు ఛాయలో ఉండేది థాలోసయనీన్‌ది, ముదురు నీలం ఆజోది. సయనీన్ వెలుతురుకు తొందరగా లొంగుతుందని పేరు. కానీ రంగు చూసి ఏది ముందు పోతుందో తేల్చడం మీద నాకు నమ్మకం లేదు. పై పూత ఎంత బాగా వేశారు, ఏ స్పీడులో రైట్ చేశారు, ఎక్కడ పెట్టారు అన్నవే ఎక్కువ లెక్కలోకొస్తాయి.

"ఇవాళ చక్కగా ఆడుతోంది కదా" అన్న ధీమాయే అసలు ప్రమాదం. సీడీలో దోషాలు సరిదిద్దే ఏర్పాటు రెండు అంచెల్లో ఉంటుంది. మొదటి అంచెలో సెకనుకు 220 తప్పుల దాకా రావచ్చని సీడీలకు మూలమైన రెడ్ బుక్ ప్రమాణమే ఒప్పుకుంటుంది. అవన్నీ లోపల్లోపలే సర్దుకుపోతాయి, చూసేవాడికి ఏమీ తెలియదు. రెండో అంచె, సీటూ అంటారు, అది కూడా చేతులెత్తేసిన రోజునే బొమ్మ ఆగుతుంది. అంటే డిస్కు ఏళ్ళ తరబడి క్షీణించి, మనకు మాత్రం ఒక్క రోజులో పాడైనట్టు కనిపిస్తుంది. పాత లైట్‌ఆన్ డ్రైవు దొరికితే నీరో డిస్క్ స్పీడ్ లేదా క్యూపీఎక్స్‌టూల్ అనే ప్రోగ్రాంతో ఈ తప్పుల లెక్కలు చూడొచ్చు. సీటూ సున్నా కాకపోతే ఆ డిస్కును ఆ రోజే కాపీ తీయాలి.

సీడీ మీద రాత మధ్యలోంచి అంచువైపు సాగుతుంది. పూత అతుకు బలహీనంగా ఉండేది అంచు దగ్గర. మనం వేళ్ళతో పట్టుకునేదీ, చెమ్మ లోపలికి పోయేదీ అక్కడే. ఇందువల్ల నిండా రాసిన డిస్కులో తరచుగా ముందు పోయేది చివరి నిమిషాలు. మూడు డిస్కుల పెళ్ళి క్యాసెట్‌లో (డిస్కులైనా మనకది క్యాసెట్టే) మూడోదాని చివర ఉండేవి అప్పగింతలు.

మన గాలి

అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ 2003లో సీడీ, డీవీడీల సంరక్షణ మీద ఒక మార్గదర్శిక వేసింది. ఎక్కువ కాలం నిల్వకు 4 నుంచి 20 డిగ్రీల వేడి, 20 నుంచి 50 శాతం గాలి తేమ ఉండాలని అందులో ఉంది. గోపాల్‌పూర్ సముద్రానికి కూతవేటు దూరంలో ఉన్న ఊళ్ళో ఈ అంకెలు చదివితే గుండె జారుతుంది. వానాకాలంలో బీరువాలో బట్టలకే బూజు పడుతుంది. బూజు సీడీనీ వదలదు. బెలీజ్ నుంచి వచ్చిన ఒక సీడీని శిలీంధ్రం అంచు నుంచి లోపలికి తినేసిందని 2001లో స్పెయిన్ శాస్త్రవేత్తలు చూపించారు, అల్యూమినియంతో సహా. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను తీరం దాటింది గోపాల్‌పూర్ దగ్గరే. ఆ వారం తడిసి, తర్వాత తుడిచి మళ్ళీ అదే పెట్టెలో సర్దేసిన డిస్కులు ఇప్పటికీ ఇళ్ళల్లో ఉన్నాయి.

గాలిని మార్చలేం కాబట్టి డిస్కు ఉన్న తీరు మార్చాలి. పుస్తకంలా ఉండే మెత్తటి ప్లాస్టిక్ జేబుల ఆల్బమ్‌లు వేసవిలో డిస్కుకు అతుక్కుంటాయి, తీసేటప్పుడు పూత మీద మచ్చ మిగులుతుంది. గట్టి ప్లాస్టిక్ కేసులో నిలువుగా పెట్టడం మంచిది. ఏసీ గదిలోంచి బయటికి తెచ్చిన డిస్కు మీద సన్నటి నీటిపొర పడుతుంది, అరగంట ఆగి డ్రైవులో పెట్టాలి.

పెళ్ళి డిస్కుల మీద స్టూడియోలు వధూవరుల ఫొటోతో గుండ్రటి స్టిక్కర్ అంటించి ఇచ్చేవి. ఏళ్ళు గడిచాక దాని అంచు పైకి లేస్తుంది, చూసినవారికి పీకేయాలనిపిస్తుంది. దయచేసి పీకొద్దు. జిగురు కింద ఉన్న పూతను, పూత కింది లోహాన్ని పట్టుకుని ఉంటుంది. స్టిక్కర్‌తోపాటు వెండి రేకు పెచ్చులుగా లేచి వస్తుంది, ఆ ఖాళీలోంచి వెలుతురు అవతలికి కనబడుతుంది. ఆ పెచ్చులే పెళ్ళి. లేచిన అంచును అలాగే వదిలి, అది డ్రైవు లోపల తగలదనుకుంటేనే, 4ఎక్స్ స్పీడులో (పాటల సీడీ మామూలుగా ఆడే వేగానికి నాలుగు రెట్లు) చదివించాలి. వేగం పెంచితే బరువు ఒక పక్కకు ఒరిగి డిస్కు వణుకుతుంది.

ఫైళ్ళు కాపీ చేస్తే డిస్కు కాపీ అయినట్టు కాదు

ఆటలవాళ్ళ దగ్గర నేర్చుకోవాల్సింది ఇక్కడే. చాలామంది సీడీ తెరిచి, అన్నీ సెలెక్ట్ చేసి, హార్డ్ డిస్కులో పేస్ట్ చేసి నిశ్చింతగా ఉంటారు. క్వేక్ డిస్కుకు ఇలా చేస్తే ఆట వస్తుంది, సంగీతం రాదు. మొదటి ట్రాకు డేటా, 2 నుంచి 11 దాకా మామూలు ఆడియో ట్రాకులు, వాటికి ఫైలు పేర్లే ఉండవు. ఐఎస్‌ఓగా (డేటా ట్రాకును ఒకే ఫైలుగా) తీసినా అంతే, అందులోకి మొదటి ట్రాకే వస్తుంది. అందుకే ఆటలవాళ్ళు డిస్కులోని ప్రతి సెక్టారునూ (ఒకసారికి చదివే చిన్న ముక్కను) 2352 బైట్లూ పూర్తిగా తీసి, బిన్, క్యూ అనే జంట ఫైళ్ళుగా దాస్తారు. మామూలు డేటా సెక్టారులో మనకు కనిపించేవి 2048 బైట్లే. మిగిలినవి చిరునామా, తప్పుల తనిఖీ, సవరణ కోసం.

మన వీసీడీలకు ఈ తేడా ప్రాణం మీదికి వస్తుంది. వీసీడీలో బొమ్మ ఉన్న సెక్టార్లు వేరే రకం, 2324 బైట్ల వీడియో నింపడం కోసం సవరణకు ఉండాల్సిన 276 బైట్లనూ అందులో వాడేశారు. రెండు అంచెల ఏర్పాటు పైన డేటా సీడీకి ఉండే మూడో రక్షణ దీనికి లేదు. ఒకే గీతకు డేటా సీడీ తట్టుకుంటే, వీసీడీ తట్టుకోదు. ఇంకో చిక్కు: పాడైన డిస్కుల్లోంచి డేటా లాగడానికి మంచి పేరున్న డీడీరెస్క్యూ ప్రోగ్రాం 2048 బైట్ల లెక్కన అడుగుతుంది. వీసీడీ రెండో ట్రాకు దగ్గరకు రాగానే డ్రైవు కాదంటుంది, తెర మీద అన్నీ చెడిపోయిన సెక్టార్లుగా పడతాయి. ఏ గీతా లేని డిస్కును చెత్తబుట్టలో వేయించే తప్పు ఇది. వీసీడీని సీడీఆర్‌డీఏఓ అనే ప్రోగ్రాంతో ముడి రూపంలో చదివించాలి, లేదా ఐసోబస్టర్, రీడంపర్ వాడాలి.

స్టూడియో ఫొటోల సీడీల్లో మరో మోసం ఉంటుంది. డబ్బు ఆదా చేద్దామని ఒకే డిస్కులో మూడు, నాలుగు విడతలుగా రైట్ చేసేవారు. పాత విడతను కొత్తదాంట్లోకి కలుపుకోకపోతే విండోస్‌కు ఆఖరి విడత ఒక్కటే కనిపిస్తుంది. 700 మెగాబైట్ల డిస్కులో 60 మెగాబైట్లే ఉన్నట్టు చూపిస్తే అనుమానించాలి. డిస్కు అడుగువైపు వెలుతురులో వంచి చూస్తే రంగు మారిన వలయాలు, మధ్యలో సన్నటి గీతలు కనబడతాయి. ఒక్కో వలయం ఒక్కో విడత. ఐసోబస్టర్ వాటన్నిటినీ విడివిడిగా చూపిస్తుంది. పిల్ల మొదటి పుట్టినరోజు ఫొటోలు ఇలా దాక్కుని ఉండవచ్చు.

ఆటల డిస్కుల్లో దీనికి తలకిందులైన సమస్య ఉంది. కాపీ కాకుండా సేఫ్‌డిస్క్ అనే తాళం వేసిన ఆటల్లో మొదట్లోనే ఎన్నో సెక్టార్లను కావాలని చదవలేనట్టు చేశారు. గీతల వల్ల వచ్చే తప్పులు చెదురుమదురుగా ఉంటాయి, ఇవి ఒకే ప్రాంతంలో గుంపుగా ఉంటాయి. అది తెలియనివాళ్ళు డిస్కును పదిసార్లు తుడుస్తారు. ఆ తాళానికి కావాల్సిన డ్రైవర్‌ను విండోస్ 10లో 2015లోనే తీసేశారు, అందువల్ల అసలు డిస్కు చేతిలో ఉన్నా ఆట మొదలవదు. "ఒరిజినల్ నా దగ్గరుంది" అన్న మాట ఎంత బోలుదో దీంతో అర్థమవుతుంది.

డ్రైవు, వేగం, రెండోసారి

డిస్కుల కంటే ముందు కరువయ్యేది మంచి డ్రైవే. ల్యాప్‌టాప్ పక్కన పెట్టుకునే సన్నటి యూఎస్‌బీ డ్రైవులకు యూఎస్‌బీ పోర్టు ఇచ్చే కరెంటు చాలక, కష్టమైన చోట తిరగడం ఆపేస్తాయి. పాత డెస్క్‌టాప్‌లోంచి తీసిన పెద్ద సాటా డ్రైవుకు, విడిగా 12 వోల్టులు, 2 ఆంపియర్ల అడాప్టర్ ఉన్న సాటా నుంచి యూఎస్‌బీ కన్వర్టర్ తగిలిస్తే నిలకడగా ఉంటుంది. ట్రే రాకపోతే లోపలి రబ్బరు బెల్టు సాగిపోయి ఉంటుంది, ముందున్న చిన్న రంధ్రంలో పేపర్ క్లిప్పు తిన్నగా చేసి గుచ్చితే తెరుచుకుంటుంది. కటకాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన ఇయర్ బడ్‌తో తాకీ తాకనట్టు తుడవాలి.

డిస్కును మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడవాలి, చుట్టూ తిప్పి కాదు. అడ్డ గీతను సవరణ సర్దుకుంటుంది. ట్రాకు వెంట పడిన గీత వరుసగా ఎన్నో బైట్లను మింగుతుంది. టూత్‌పేస్ట్ చిట్కా ఆఖరి ప్రయత్నం, మొదటిది కాదు. నడిమి రంధ్రం దగ్గర పగులున్న డిస్కును 52ఎక్స్ డ్రైవులో పెట్టకూడదు. నిమిషానికి పదివేలకు పైగా చుట్లు తిరుగుతుంది, ముక్కలై లోపలే పేలుతుంది.

8ఎక్స్‌లో 80 నిమిషాల డిస్కుకు పది నిమిషాలు పడుతుంది. మామూలు డేటా డిస్కుకు డీడీరెస్క్యూ మొదటి విడతలో కష్టమైన చోట్లను వదిలేసి, సులువైనవన్నీ లాగేయాలి. ఏవి వచ్చాయో, ఏవి రాలేదో అది ఒక మ్యాప్ ఫైల్లో రాసుకుంటుంది. ఆ ఫైలుతో అదే డిస్కును ఇంకో కంపెనీ డ్రైవులో పెడితే మిగిలిపోయినవాటినే అడుగుతుంది. ఒక డ్రైవు చదవలేనిది ఇంకోటి చదవడం చాలా మామూలు.

కంపెనీ ఆటకు మన హాష్ రీడంప్‌లో ఉన్నదానితో కలిస్తే పని అయిపోయినట్టే. యాత్ర డిస్కుకు పోల్చి చూడటానికి ఎవరూ లేరు. అందుకే దాన్ని రెండు వేర్వేరు డ్రైవుల్లో మొదటి నుంచి చివరిదాకా తీసి, రెండు ఫైళ్ళ షా-1 (ఒక రకం హాష్) ఒకటేనా అని చూడాలి. వేరైతే మూడోసారి తీసి, సెక్టారు సెక్టారుకూ ఏ రెండు కలిశాయో అది ఉంచాలి. ఆడియో ట్రాకులున్న డిస్కులకు ఒక జాగ్రత్త: ఒక్కో రకం డ్రైవు ఆడియోను కాస్త పక్కకు జరిపి చదువుతుంది కాబట్టి ప్లెక్స్‌టర్ డ్రైవులకు 30 శాంపిళ్ళు, చాలా ఎల్‌జీ, ఆసుస్ డ్రైవులకు 6 శాంపిళ్ళు సవరణ ఇవ్వాలి. సెకనుకు 44,100 శాంపిళ్ళలో 30 చెవికి తెలియవు కానీ, హాష్ పూర్తిగా మారిపోతుంది, డిస్కు పాడైందేమో అనిపిస్తుంది.

మళ్ళీ సీడీల మీదికే రైట్ చేద్దామనే ఆలోచన వద్దు. మన దగ్గర ఇంటింటా వాడిన ఖాళీ డిస్కులు చేసిన మోజర్ బేర్ 2018లో లిక్విడేషన్‌లోకి వెళ్ళింది. 80 నిమిషాల డిస్కు ముడి రూపంలో 847 మెగాబైట్లు, రెండు వందల డిస్కులు కలిపి 170 గిగాబైట్లు. 500 గిగాబైట్ల హార్డ్ డిస్కులు రెండు చాలు. ఒకటి ఇంట్లో, రెండోది తీరానికి దూరంగా, రాయగడలోనో హైదరాబాద్‌లోనో ఉన్న చుట్టాలింట్లో.

నాకున్న సందేహాలు

ఇదంతా చెప్పాక నా వరస మీద నాకే ఒక పెద్ద సందేహం ఉంది. కంపెనీ సీడీలన్నీ భద్రంగానే ఉన్నాయా? లేవు. భారత్‌లో అమ్మడానికి ఇక్కడే అచ్చు వేసిన చవక కూర్పులు, చిప్, డిజిట్ పత్రికలతో వచ్చిన డిస్కులు విదేశాల్లోవాళ్ళకు దొరకవు. మధ్య రంధ్రం చుట్టూ అద్దంలాంటి వలయంలో ఉండే కోడ్ చూస్తే అది వేరే అచ్చు అని తెలుస్తుంది. అలాంటివి కంపెనీవే అయినా ముందు వరసలోకి రావాలి. ఇంకో కాపీ ఎక్కడైనా ఉందా అన్నదే నా కొలత. రైట్ చేసిందా, అచ్చు వేసిందా అన్నది ఆ కొలతకు త్వరగా అందే గుర్తు మాత్రమే. ఆటలవాళ్ళ బాధలోనూ న్యాయం ఉంది. అమెరికాలో 2010కి ముందు విడుదలైన ఆటల్లో 87 శాతం ఇప్పుడు అమ్మకంలో లేవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో తేల్చింది.

చట్టం మాటేమిటి? 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 52(1)(ఏఏ), సాఫ్ట్‌వేర్‌ను సక్రమంగా కలిగి ఉన్నవాళ్ళు అది పోకుండా, పాడవకుండా రక్షణగా బ్యాకప్ తీసుకోవడాన్ని అనుమతిస్తుంది. నలుగురికీ పంచడం అందులోకి రాదు. పెళ్ళి డిస్కుకు చట్టం కంటే ఇంటివాళ్ళ ఇష్టం ముఖ్యం. వాళ్ళు సరే అనకుండా ఎక్కడా పెట్టకూడదు.

డీటీపీ షాపుల బ్యాకప్‌ల విషయంలో ఇమేజ్ (డిస్కు పూర్తి నకలు ఫైలు) తీసినా పని సగమే. పేజ్‌మేకర్ ఫైల్లో తెలుగు అను ఫాంటులో, ఒడియా ఆకృతిలో ఉంటుంది. రెండూ యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకూ ఒకేలా తెలిసే అక్షరాల పద్ధతి) కావు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో శుభలేఖ తెరిస్తే ముహూర్తం దగ్గర పిచ్చి గుర్తులు కనబడతాయి. షాపులో ఇంకా పాత కంప్యూటర్ తిరుగుతుంటే ఫాంటు ఫైళ్ళను కూడా ఇమేజ్ పక్కనే పెట్టించి, ప్రతి పేజీకీ ఒక పీడీఎఫ్ తీయించాలి.

ప్రతి ఇమేజ్ పక్కనా మూడు ఫైళ్ళుండాలి: లేబుల్ వైపు ఫొటో, హాష్, ఒక మామూలు టెక్స్ట్ ఫైలు. ఏ డ్రైవులో తీశాం, ఎన్ని సెక్టార్లు రాలేదు అన్నవి ఆ టెక్స్ట్‌లో రెండు వరసలు. మిగతాదంతా మనుషుల పేర్లు. ఒడియా లిపిలో ఉన్న ఆ తెలుగు మాటలను యథాతథంగా రాసి, కింద తెలుగు లిపిలోనూ రాయాలి. యాత్ర డిస్కైతే ఏ వీధి, ఏ రాత్రి, పులివేషం కట్టింది ఎవరు, డప్పు ఎవరిది, నిమిషాలతో సహా. అవి డ్రైవు చెప్పదు, ఆ వీధిలో పెద్దవాళ్ళను కూర్చోబెట్టి, వీడియో ఆపి ఆపి అడగాలి.